కుర్చీల తాతగారి గట్టిమేళం

ఆ రోజుల్లో నా తెలివి మీద నాకున్నంత నమ్మకం ఈ రోజున నా బ్యాంకు మీద కూడా లేదు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి మొహం చూస్తే చాలు, ఆవిడ లోపలికొచ్చి కూర్చునేలోపు ఏ రంగు చీర కొంటుందో, ఎంతదాకా బేరమాడుతుందో, చివరికి "మా వారినడిగి వస్తానమ్మా" అని జారుకునే రకమో కాదో ఇట్టే చెప్పేయగలననుకునేదాన్ని. ఇది పుస్తకాల్లో చదివి నేర్చిన విద్య కాదు. బెజవాడలో మా నాన్నది బట్టల కొట్టు, పెదనాన్నది స్టీలు సామాన్ల కొట్టు, మేనమామది బెల్లం దుకాణం. మా ఇళ్లల్లో పిల్లలకి ఎక్కాలకన్నా ముందు బేరం వచ్చేది. (నా బారసాలకి ఎవరో ఇచ్చిన వెండి గిన్నె తూకం తక్కువుందనే నేను ఆ రోజంతా ఏడ్చానని మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మకండి, నాకప్పటికి ఇరవై ఒక్క రోజులే.)

నా పన్నెండో ఏట మేం అమెరికాలో ఎడిసన్ వచ్చి, ఓక్ ట్రీ రోడ్డు మీద మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, నడుపుతున్న పెళ్లి సామాన్ల కొట్టులో కలిసిపోయాం. అక్కడ దొరకనిది లేదు. పీటలు, బాసికాలు, అడ్డుతెరలు, తలంబ్రాల బియ్యం, అద్దెకి మండపం, అడిగితే పురోహితుడు, మేళం కూడా. స్కూలయ్యాక కొట్టు, కాలేజీ అయ్యాక కొట్టు. ఇరవై రెండేళ్లొచ్చేసరికి చీరల విద్యని సంగీతానికి కూడా తగిలించేశాను. ఫోన్లో ఇంటిపేరు వినగానే వాళ్లకి ఏ వాయిద్యం కావాలో అడక్కుండానే చెప్పేదాన్ని. పెద్దవాళ్లకి సన్నాయి, బారాత్‌కి ఢోల్, పిల్లల సంగీత్ రాత్రికి డీజే. ఆ డీజే దగ్గరే నాకో తమాషా కనిపించేది. మన పిల్లలు గంతులేసేది నల్లజాతివాళ్ల పాటలకి, వేసే స్టెప్పులు వాళ్లవి, వెనక్కి తిప్పి పెట్టుకున్న టోపీ కూడా వాళ్లదే. పక్కన నిలబడి చప్పట్లు కొట్టే అంకుల్సే మర్నాడు వాళ్లుండే పేట మీదుగా డ్రైవ్ చేస్తూ కారు తలుపులు లాక్ అయ్యాయా లేదా అని రెండుసార్లు చూసుకునేవాళ్లు. నేను నవ్వుకునేదాన్ని. నేను వేరే మట్టితో చేసిన మనిషినని నా ఉద్దేశం. ఎంత వేరో కాస్సేపట్లో చెబుతాను.

మా పెళ్లిళ్లకి అద్దె కుర్చీలు ట్రక్కులో వేసుకుని తెచ్చేది ఒక నల్లజాతి పెద్దాయన. అప్పటికే అరవై దాటాయి. ఆరడుగుల పైన ఎత్తు, తెల్ల మీసం, ఏ ఎండలోనైనా ఇస్త్రీ చొక్కా. తొమ్మిదేళ్లుగా మా కుర్చీలన్నీ ఆయనే దించాడు, ఆయనే ఎత్తాడు. వాళ్ల చర్చిలో ఆయన డీకన్. అంటే గుడి ధర్మకర్తలా అన్నమాట. మేం మాత్రం ఆ మర్యాద ఎప్పుడూ ఇవ్వలేదు. కొట్లో ఆయన్ని "ఆ నల్లాయన" అనేవాళ్లం. తెలుగే కదా, అర్థం కాదులే అని ఎదురుగానే అనేవాళ్లం. పెళ్లి జరుగుతున్నంతసేపూ ఆయన పార్కింగ్ లాట్‌లో ట్రక్కులో కూర్చుని, అయ్యాక లోపలికొచ్చి కుర్చీలు మడిచేవాడు. పక్క సీట్లో ఒక శాక్సఫోన్ పెట్టె ఉండేది. ఎదురుచూపుల్లో తోచక అప్పుడప్పుడు తీసి ఊదుకునేవాడు. మొదటిసారి విన్నప్పుడు మా నాన్న "ఎవరిదో కారు హారన్ చెడినట్టుంది, వెళ్లి చూడమ్మా" అన్నారు.

సరే, అసలు కథకి వస్తాను. ఆ ఎండాకాలం మా డాక్టరంకుల్ రెండో అమ్మాయి పెళ్లి ఒప్పుకున్నాను. నేను ఒంటిచేత్తో ఒప్పుకున్న మొదటి పెళ్లి అది. దానికి ఒక షరతు ఉంది. ఆ షరతు పేరు బామ్మగారు, డాక్టరంకుల్ వాళ్లమ్మ. ఎనభై నాలుగేళ్ల మనిషి, తెనాలి నుంచి ఈ పెళ్లికోసమే వచ్చింది. పెద్ద మనవరాలి పెళ్లిలో (అది మా కొట్టు పెళ్లి కాదు, ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి) ఎవరో ఫోన్లో గట్టిమేళం పెట్టారట. సరిగ్గా జీలకర్ర బెల్లం క్షణానికి మధ్యలో కారు ఇన్సూరెన్స్ ప్రకటన వచ్చిందట. ఆ రోజునుంచి బామ్మగారికి ఆ పెళ్లి మీద నమ్మకం కుదరలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా "ఏమోనమ్మా" అనేదావిడ. మా కొట్టుకి వచ్చి నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"డోలు పెట్టెలోంచి వచ్చినా ఊరుకుంటాను. ఊదేది మాత్రం మనిషి నోరు అవ్వాలి. ఊపిరి లేని మేళంతో పెళ్లేమిటే? ఇంకోసారి అలాంటిది చూసి పోలేను."

"మీకెందుకు బామ్మగారూ, తూర్పుగోదావరి నుంచి దింపుతున్నాను," అన్నాను, సన్నాయి వాళ్లేదో అప్పటికే కస్టమ్స్ దాటేసినట్టు. పక్కనే ఉన్న నాన్న ఆవిడ వెళ్లాక ఒక్క మాటన్నారు. "మాట ఇచ్చావు. ఇక కొట్టు పేరు నీ నోట్లో ఉంది."

శనివారం పెళ్లి. గురువారం పొద్దున సన్నాయి ఆయన అక్కణ్ణించి ఫోన్ చేశాడు, వీసా రాలేదని. "ఏం చేస్తావని అడిగారమ్మా. ఊదుతానన్నాను. ఊది చూపించమని అడగలేదు. అడిగుంటే ఇచ్చేసేవాళ్లమ్మా," అన్నాడు పాపం. నేను ఏడు రాష్ట్రాలకి ఫోన్లు చేశాను. పెళ్లిళ్ల సీజను, సన్నాయి అన్నవాడు ఖాళీగా లేడు. మధ్యాహ్నానికి కొట్టు వెనక మెట్ల మీద తల పట్టుకు కూర్చున్నాను. అప్పుడే ట్రక్కు వచ్చి ఆగింది. ఆ పెద్దాయన శనివారం లెక్క కోసం వచ్చాడు, ఎన్ని కుర్చీలని. దిగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను తలెత్తి చూశాను. ఆయన తీస్తున్నది గట్టిమేళం. అక్షరం పొల్లుపోకుండా మా గట్టిమేళమే.

"అది ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాను.

"మీ దగ్గరే, లిటిల్ బాస్," అన్నాడు. (ఆయన మాట్లాడేది ఇంగ్లీషు. నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను. 'లిటిల్ బాస్' మాత్రం ఆయనదే. పదమూడో ఏట నేను ఆయనతో కుర్చీ అద్దె బేరమాడిన రోజునుంచీ నా పేరు అదే.) "ట్రక్కులో కూర్చుంటే అన్నీ వినిపిస్తాయి. నెమ్మదిగా సాగేదొకటి, పెళ్లికూతురు వచ్చేటప్పుడు ఒకటి. ఆ తర్వాత ఈ గోలది. ఇది వచ్చిందంటే కాస్సేపట్లో జనం భోజనాలకి లేస్తారు. నేను చేతి తొడుగులు వేసుకుంటాను."

తొమ్మిదేళ్లు. మా పెళ్లిళ్లలో ముందు వరుసలో పట్టుచీరలు సర్దుకుంటూ కూర్చునేవాళ్లలో ఒక్కరు కూడా మేళాన్ని అంత శ్రద్ధగా విని ఉండరు.

శుక్రవారం మా గోడౌన్‌లో ఊది చూపించాడు. నేనేదో పాత రికార్డింగులు ఫోన్లో పెట్టబోతే చేత్తో వారించి, కళ్లు మూసుకుని మొదలెట్టాడు. సన్నాయి కాదు, నిజమే. సన్నాయి కన్నా బొంగురు, సన్నాయి కన్నా లోతు. కానీ ఆ జారుడు, ఆ విరుపు, చివర్న ఆ నిట్టూర్పు అన్నీ ఉన్నాయి. మా అత్తయ్య చేతిలో కొబ్బరికాయ కిందపడి పగిలింది. "మంచి శకునమే," అంది, ముక్కలేరుకుంటూ. ఇక ఆయన మాట వినపడనంత దూరం వెళ్లాక గొంతు తగ్గించింది. "వాయిద్యం సరేనే. మనిషి? మూడొందల మంది జనం. పీటల పక్కన ఆయన్ని కూర్చోబెడితే డాక్టరుగారి వియ్యాలవారు ఏమంటారో?"

ఇక్కడ తప్పు అత్తయ్య మీదికి తోసేసే అవకాశం నాకు బాగానే ఉంది. బేరగాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, అవకాశం వదులుకోవడం మా వంశంలో లేదు. కానీ ఆ ఆలోచన నాదే. నేను మొహాలు చదివే మనిషిని కదా, మూడొందల మొహాలూ ముందే చదివేశాను. వెంటనే "తెర కడదాం," అన్నాను. కొట్లో ముదురు ఎరుపు రంగులో జరీ అంచున్న పెద్ద అడ్డుతెర ఒకటి అదనంగా ఉంది. మండపం పక్కన రెండు గుంజలు నిలబెట్టి అది కట్టేస్తే, వెనకాల ఎవరున్నారో ఎవరికీ కనపడదు. పాట మాత్రం వినపడుతుంది. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది కూడా.

ఇక మిగిలింది ఆయనకి ఈ తెరని అమ్మడం. అమ్మాను. నా జీవితంలో అంత నున్నగా ఏ చీరా అమ్మలేదు. "ఆర్టిస్టులకి ప్రత్యేకంగా ఎన్‌క్లోజర్ ఏర్పాటు చేస్తున్నాం. లోపల ఫ్యాను, మంచినీళ్లు, మెత్తటి కుర్చీ. ఎవరూ డిస్టర్బ్ చేయరు," అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నేను చీరలు కొనేవాళ్ల మొహాలు చూసే చూపులాంటిదే, ఇంకొంచెం పాతది.

"సరే," అన్నాడు. "నా వైపునుంచి ఒకటుంది. ఒక ఆదివారం నువ్వు మా చర్చికి వచ్చి నా వాయిద్యం వినాలి. అది ఒప్పుకుంటేనే బేరం."

చేతి చమురు వదలని షరతు! నేను క్షణం ఆలోచించకుండా చెయ్యి కలిపేశాను. ఇంత తేలిగ్గా పడిపోయాడేమిటా అని కొంచెం జాలి కూడా పడ్డాను.

శనివారం అంతా నేను గీసిన గీత మీదే నడిచింది. పొద్దున్నే ఎవరూ రాకముందే ఆయన్ని వెనక తలుపులోంచి తీసుకొచ్చి తెర వెనక కూర్చోబెట్టాను. బూడిదరంగు సూటు, టై, మెరుస్తున్న బూట్లు. "అంత సూటెందుకండీ, ఎవరూ చూడరు కదా," అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ మాత్రం ఇంగితమైనా ఉన్నందుకు సంతోషం. గట్టిమేళం సంగతి తేల్చుకున్నాం. ఆయనకి మండపం కనపడదు, తెలుగు రాదు. అందుకని సమయానికి నేనొచ్చి తెర కట్టిన గుంజ మీద మూడుసార్లు తడతాను. అంతే, ఊదేయడమే.

"ఆ పెద్దమనిషి కనపడితే మేలు," అన్నాడు పురోహితుడి గురించి. "నేను మనిషి చెయ్యి చూసి వాయిస్తాను."

"తడతానుగా," అన్నాను.

గౌరీపూజ నుంచి మొదలెట్టాడు. జనం మెల్లగా చెవులు రిక్కించడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక ఆంటీ నన్ను ఆపి, "మేళం అద్భుతంగా ఉందమ్మా. సన్నాయేనా? ఏదో కొత్తగా ఉంది. ఏ ఊరి వాళ్లు?" అంది. "రాజమండ్రి వైపు," అన్నాను, కనురెప్ప వాల్చకుండా. ఇంకో అంకుల్ ఇంకాస్త ముందుకెళ్లి, "రాజమండ్రి బాణీయే అది! వినగానే పట్టేశాను," అన్నాడు పక్కాయనతో. (ఆయన ఇంటర్నెట్లో సంగీత సమీక్షలు రాసేవాడు. ఇప్పటికీ రాస్తున్నాడు.) ముందు వరుసలో బామ్మగారు కళ్లు మూసుకుని, మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటోంది. నా మనసులో నేను అప్పటికే రెండో కొట్టు తెరిచేశాను.

ముహూర్తం దగ్గర పడింది. పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చారు, అడ్డుతెర పట్టారు. నేను గుంజ దగ్గర నా స్థానంలో నిలబడ్డాను. అప్పుడే పెళ్లికూతురి పిన్ని వచ్చి ఒక్క లాగు లాగింది. "అమ్మాయ్, అక్షింతల పళ్లెం ఏదీ? పళ్లెం ఏదే తల్లీ!" పళ్లెం మండపానికి అటువైపు బల్ల కింద ఉంది. ఒక్క నిమిషంలో తెచ్చేద్దామని పరిగెత్తాను. పళ్లెం రెండు చేతుల్లో ఎత్తుకుని లేచేసరికి జనమంతా అక్షింతల కోసం నా మీదికొచ్చిపడ్డారు. ఇటు మండపం, అటు నేను, మధ్యలో నలభై చేతులు. ఆ చేతుల మీదుగా నాకు కనిపించింది, పురోహితుడు కుడిచెయ్యి గాల్లోకి లేపడం. జీలకర్ర బెల్లం వధువు తల మీదికి వెళ్తోంది. "గట్టిమేళం! గట్టిమేళం!"

నిశ్శబ్దం.

రెండు క్షణాలే అయ్యుంటాయి. నాకు మాత్రం బెజవాడ నుంచి ఎడిసన్ దాకా నా వంశం మొత్తం ఆ రెండు క్షణాల్లో కళ్లముందు నడిచిపోయింది. బామ్మగారు కళ్లు తెరిచింది. ఆ మొహం నేను చదవక్కర్లేకుండానే అర్థమైంది. ఏమోనమ్మా, అనబోతోంది.

అప్పుడు ఎర్ర తెర ఒక పక్కకి జరిగింది. ఆ ఆరడుగుల మనిషి, బూడిదరంగు సూటులో, శాక్సఫోన్ నోట్లో పెట్టుకుని, రొమ్ము నిండా ఊపిరితో ఊదుకుంటూ బయటికి నడిచొచ్చాడు. చూపు పురోహితుడి చేతి మీదే. ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. హాలు అదిరిపోయింది. మూడొందల తలలు పెళ్లికూతుర్ని వదిలేసి ఆయనవైపు తిరిగాయి. అక్షింతలు విసరబోయిన చేతులు విసరడం మర్చిపోయాయి, ఆ తర్వాత ఒక్కసారిగా విసిరాయి. సగం దంపతుల మీద, సగం ఆయన సూటు మీద పడ్డాయి. ఆయన ఆపలేదు. పురోహితుడు చెయ్యి ఊపుతుంటే ఊదుతూనే ఉన్నాడు, దించితే దించాడు, మంత్రం మధ్యలో శ్వాస తీసుకుంటే ఆ ఖాళీలో చిన్న పలుకొకటి వేశాడు. మాంగల్యధారణ వేళకి మా పురోహితుడు (ఆయన పొగిడితే ఆ సాయంత్రం వాన పడుతుందని పేరు) అటు తిరిగి, పాత జోడీలా కనుబొమ్మతోనే సైగ చేస్తున్నాడు. భోజనాల దగ్గర నాతో అన్నాడు: "ముప్ఫై ఏళ్ల పౌరోహిత్యంలో నా చెయ్యి చూసి వాయించినవాడు ఇతనొక్కడేనమ్మా. మిగతావాళ్లంతా భోజనాల వైపు చూస్తూ వాయిస్తారు."

కానీ అది తర్వాతి మాట. అంతకుముందు డాక్టరంకుల్ నా దగ్గరికి నడిచొచ్చారు. నా చేతిలో ఖాళీ పళ్లెం.

"ఏమ్మా, రాజమండ్రి అన్నావట?"

"అంకుల్... బాణీ రాజమండ్రిదే," అన్నాను. (నవ్వకండి. మునిగేవాడికి ఏది దొరికితే అది.)

"అది సరే. ఆయన్ని ఆ తెర వెనక ఎందుకు పెట్టావు?"

ఏం చెప్పను? మీ మొహాలు చదివానండీ, అనా? ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం తప్ప ఇంకేమీ కనపడలేదు. నేను చదివిన మూడొందల మొహాల్లో ఎన్ని తప్పు చదివానో దేవుడికెరుక. కొన్ని సరిగ్గానే చదివి ఉంటాను. కానీ తెర కట్టింది ఆ మొహాలు కావు, నేను. అంతలో పక్కనుంచి ఆ బొంగురు గొంతు వచ్చింది. "ఆర్టిస్టులకి ప్రత్యేక ఎన్‌క్లోజర్ సార్. ఫ్యాను కూడా పెట్టింది. చాలా మర్యాదగా చూసుకుంది." నా మాటలే, ఒక్కటి తగ్గకుండా. నన్ను కాపాడటానికి అన్నాడు. నా చెవులు మాత్రం మండిపోయాయి.

బామ్మగారు ఆయన్ని పిలిపించింది. దగ్గరగా నిలబెట్టి, తలెత్తి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు చూసి, "అచ్చం మా పెద్దన్నయ్యే! ఆ పొడుగూ అదే, ఆ నలుపూ అదే," అంది. "ఏమన్నారు?" అన్నాడాయన నాతో. ఉన్నదున్నట్టు చెప్పాను. పకపకా నవ్వాడు. బామ్మగారు పంచెల చాపూ తాంబూలమూ ఆయన చేతిలో పెట్టి, మొదటి బంతిలో తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. పులిహోర ఎలా కలుపుకోవాలో చూపిస్తూ నాతో అంది. "మా ఊళ్లో మేళం వాళ్లని పందిట్లో ఓ మూల కూర్చోబెట్టి, ఆఖరి బంతిలో పెట్టేవాళ్లమే. సన్నాయి ఆగితే పెళ్లి ఆగిపోతుందని అందరికీ తెలుసు. అయినా ఆఖరి బంతే. నా పెళ్లికి ఊదినతని మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు. పాట మాత్రం ఇంకా ఉంది, ఇదుగో ఇక్కడ." చెవి చూపించింది. తర్వాత ఎర్ర తెర వైపు ఓసారి చూసి, నా వైపు ఓసారి చూసింది. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

భోజనాలయ్యాయి. జనం వెళ్లారు. సెల్ఫీలు దిగిన పిల్లలు కూడా వెళ్లారు. ఆయన కోటు విప్పి హ్యాంగరుకి తగిలించి, చేతి తొడుగులు వేసుకుని కుర్చీలు మడవడం మొదలెట్టాడు. అదీ ఆయన పనే కదా. నేనూ వెళ్లి ఒక వరుస పట్టుకున్నాను. నాలుగైదు కుర్చీలయ్యాక, "సారీ అండీ," అన్నాను.

"తెరలు నాకు కొత్త కాదు లిటిల్ బాస్," అన్నాడు, మడుస్తూనే. "మా నాన్న పెద్ద పెద్ద హోటళ్లలో ఊదేవాడు. తెల్లదొరలు ఆయన పాటకి డాన్స్ చేసేవాళ్లు. ఆయన మాత్రం వంటింటి తలుపులోంచి లోపలికెళ్లి, వంటింటి తలుపులోంచే బయటికొచ్చేవాడు. నువ్వు కనీసం ఫ్యాను పెట్టావు."

"మరి ఎందుకొచ్చారు బయటికి? నా మీద కోపంతోనా?"

"కోపమా? మనుషుల గొంతు మారింది. గుంజ మోగలేదు. చెయ్యి కనపడితే గానీ నాకు తెలీదు. మా చర్చిలో పాస్టర్ చెయ్యి చూడకుండా నలభై ఏళ్లుగా నేనొక్క ఊపిరి ఊదలేదు. మనిషిని చూడకుండా మనిషికోసం ఎలా వాయిస్తాను?" ఇంకో కుర్చీ టప్పున మడిచాడు. "అన్నట్టు, 'నల్లాయన' అంటే నేనే కదూ?"

నా చేతిలో కుర్చీ నా వేలి మీదే మూసుకుంది. తొమ్మిదేళ్లు ట్రక్కులో కూర్చుని గట్టిమేళం నేర్చుకున్న మనిషికి ఆ ఒక్క మాట ఎంతసేపు?

ఆ తర్వాత జరిగింది ఓక్ ట్రీ రోడ్డు మీద ఎవరినడిగినా చెబుతారు. 'కుర్చీల తాతగారు' ఉంటేనే పెళ్లి అని అమ్మాయిలు పట్టుబట్టారు. తెలుగువాళ్లయ్యాక కన్నడంవాళ్లు, తర్వాత తమిళులు. వీడియోలు చూసి ఎక్కడో ఎనిమిది గంటల దూరంలో ఉన్న క్యారీ ఊరి నుంచి కూడా ఫోన్లొచ్చాయి. ఆయన ఖాళీ దొరక్క ముహూర్తాలే కాస్త జరిగాయి. మధ్యలో ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, "వాయిద్యం ఆయనదే కావాలమ్మా, వీడియోలో మాత్రం కనపడకుండా... ఏదైనా తెరలాంటిది..." అని నసిగాడు. ఆ నసుగుడు నాకు బాగా తెలుసు, నా గొంతే అది. "తెరలు అయిపోయాయండీ," అన్నాను. మా కొట్లో ఒక సరుకు లేదని చెప్పి పంపించడం అదే మొదలు, అదే ఆఖరు. నాన్న కౌంటరు దగ్గర్నుంచి విని, గల్లాపెట్టె మీద వేలితో రెండుసార్లు తట్టారు. మా ఇంట్లో అది మెచ్చుకోలు.

ఇంతలో ఆ ఆదివారం మాట ఒకటి మిగిలిపోయింది. నేను వాయిదా వేస్తూ వచ్చాను. పనులని, వానని. అసలు సంగతి భయం. అక్కడ నా మొహం చదివేవాళ్లు ఉంటారు కదా. ఆర్నెల్లయ్యాక ఆయన ఓ రోజు, "లిటిల్ బాస్, బేరం తప్పే ఇల్లు కాదనుకున్నానే," అన్నాడు. ఆ మాట అన్నాక మా వంశంలో ఎవరైనా సరే వెళ్లాల్సిందే.

ముచ్చటైన పాత ఇటుక చర్చి. లోపల రంగురంగుల టోపీలు పెట్టుకున్న పెద్దావిడలు. హాలు మొత్తంలో గోధుమరంగు చర్మం నాదొక్కదానిదే. చప్పుడు చేయకుండా ఆఖరి బెంచీలో, స్తంభం వెనక, ఎవరికీ కనపడకుండా సర్దుకున్నాను. తెర ఒకటి తక్కువ. తెల్ల చేతి తొడుగులు వేసుకున్న ఒక ముసలావిడ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ కాదమ్మా. ముందుకి రా."

"ఇక్కడే బాగుందండీ. అన్నీ వినిపిస్తున్నాయి."

"వినిపిస్తే సరిపోతుందా?"

"పోనీ మధ్య వరుసలో..." అన్నాను. సగానికి సగం బేరం, మా నాన్న నేర్పిన మొదటి పాఠం.

"మా ఇంటికొచ్చినవాళ్లు వెనక కూర్చోరు," అంది. అంతే. నడిపించుకుంటూ తీసుకెళ్లి అందరి ముందూ మొదటి వరుసలో కూర్చోబెట్టింది. ఆయన పాస్టర్‌గారి చెయ్యి చూస్తూ వాయించాడు. నేను ఆయన్ని చూస్తూ విన్నాను. అన్ని పెళ్లిళ్లలో విన్నాను గానీ, చూస్తూ వినడం అదే మొదటిసారనిపించింది. ప్రార్థన ముగిశాక ఆయన నావైపు తిరిగి కన్నుగీటి గట్టిమేళం ఎత్తుకున్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. నేనొక్కదాన్నే ఉలిక్కిపడ్డాను. ఆ టోపీల పెద్దావిడలంతా చప్పట్లతో తాళం వేస్తూ లేచి నిలబడి, సంచులు సర్దుకుని, నవ్వుకుంటూ భోజనాల హాలు వైపు కదిలారు. పాస్టర్‌గారు మైకులో అన్నాడు: "తొమ్మిదేళ్లుగా మనల్ని ప్రతి ఆదివారం భోజనానికి లేపుతున్న పాట. ఇదుగో, ఇది వీళ్ల ఇంటి పాట. అమ్మాయికి మొదటి ప్లేటు పెట్టండి."

అంటే మేం ఆయన్ని తెర వెనక ఎలా దాచాలా అని తల బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లోనే, మా పాటని ఆయన తొమ్మిదేళ్లుగా ముందు వరుసలో కూర్చోబెట్టాడన్నమాట.

ఇప్పుడు కొట్టు నాది. తాతగారికి ఎనభై దగ్గర పడ్డాయి, ఊపిరి చాలక ఊదడం మానేశాడు. వాళ్ల చర్చిలో ఆయన దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి మా పెళ్లిళ్లకి వాయిస్తోంది, పురోహితుడి చెయ్యి చూస్తూ, పీటల పక్కనే కూర్చుని. నేను ఇప్పటికీ ఏడాదికి మూణ్ణాలుగు ఆదివారాలు అక్కడికి వెళ్తుంటాను. ఆ తెల్ల తొడుగుల ముసలావిడ ఇప్పుడు ఇంకా ముసలిదైంది, కర్ర పట్టుకుని నడుస్తోంది. నేను మాత్రం లోపలికి వెళ్లగానే, మొహాలు చదవడం వచ్చనుకున్న ఆ ఇరవై రెండేళ్ల గడుసుపిల్లని తల్చుకుని, ఓ రెండడుగులు ఆఖరి బెంచీ వైపు వేస్తాను. ఆవిడ టకటకా కర్ర చప్పుడు చేస్తూ వస్తుంది. నేను ఏదో ఒకటి గొణుగుతాను, మధ్య వరుస అంటాను, మూడో వరుస అంటాను. మొదటి వరుసలో తాతగారు పక్కకి జరిగి నాకు చోటు ఉంచి, మా ఇద్దరి బేరం వింటూ నవ్వుకుంటూ ఉంటాడు. నేను ఓడిపోయిన బేరం అదొక్కటే. మళ్లీ మళ్లీ ఓడిపోవడానికే వెళ్తుంటాను.